అడగండి, చెప్తాం: పన్నెండు వేల మంది ఉండే నగరం

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి పంపిన ప్రశ్నకు జాగా చాలక నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పి వదిలేశాను. ఇంగ్లండులో వెల్స్ అనే చిన్న ఊరుంది, అక్కడ ఎనిమిది వందల ఏళ్ళ నాటి కెథెడ్రల్ ఉంది, తప్పకుండా చూసి రండి అని. అంతే, కడప, కర్నూలు, అనంతపురం మూడు వైపుల నుంచీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు. కొందరు ఇంకా చెప్పమన్నారు, కొందరు పోట్లాటకే వచ్చారు. సరే, ఈసారి శీర్షికంతా ఆ ఊరికే. ఆ తల్లి ప్రశ్ననే ముందు తీసుకుందాం, ఈసారి పూర్తిగా.

మా అబ్బాయి బ్రిస్టల్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు, వేసవిలో మేమిద్దరం పోతున్నాం. లండన్ చూపించరా అంటే "లండన్ అందరూ చూస్తారమ్మా, నిన్ను వెల్స్ అనే సిటీకి తీసుకుపోతా" అంటాడు. చూస్తే అక్కడ పన్నెండు వేల మంది ఉంటారంట. అది సిటీ ఎట్లా అవుతుంది సార్? అంత దూరం పోయి పల్లెటూరు చూసి రావడం దండగ కాదా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

దండగ కాదమ్మా, నిశ్చింతగా వెళ్ళండి. బ్రిస్టల్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో గంట పైన పడుతుంది.

మనకు సిటీ అంటే జనాభా, కార్పొరేషన్. లక్షన్నర దాటినా మీ ప్రొద్దుటూరు ఇంకా మునిసిపాలిటీయే కాబట్టి మీ కడుపుమంటలో న్యాయం ఉంది. ఇంగ్లండులో మాత్రం పాతకాలం నుంచీ బిషప్ పీఠం ఉన్న ఊరిని సిటీ అనడం అలవాటు. బిషప్ ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటికీ పెద్ద, ఆయన ఆసనం ఏ చర్చిలో ఉంటే అది కెథెడ్రల్, చర్చి సైజుతో దానికి సంబంధం లేదు. మన దగ్గరా ఉన్నాయి కదా, నంద్యాలలో సి.ఎస్.ఐ. వాళ్ళ హోలీ క్రాస్ కెథెడ్రల్, కడపలో కాథలిక్ బిషప్ పీఠం. 1540ల్లో ఎనిమిదో హెన్రీ రాజు కొత్త బిషప్ పీఠాలు పెట్టి, ఆ ఊళ్ళకు సిటీ హోదా కూడా ఇస్తూ పోవడంతో ఆ అలవాటు కాస్తా రూలు లాగా స్థిరపడిపోయింది. తర్వాత సడలింది. 1889లో బర్మింగ్‌హామ్‌కు కెథెడ్రల్ లేకుండానే హోదా దక్కింది. ఇప్పుడది రాజుగారి ఉత్తర్వుతో వచ్చే గౌరవం, అంతే. 1974లో అక్కడి స్థానిక పాలన మొత్తాన్ని తిరగరాసినప్పుడు వెల్స్ వాళ్ళు ఎలిజబెత్ రాణి ఉత్తర్వుతో తమ హోదాను మళ్ళీ ఖాయం చేసుకున్నారు. ఆ కాగితం పని చూసుకోకపోతే ఏమవుతుందో రోచెస్టర్ వాళ్ళను అడగాలి. అదీ పాత కెథెడ్రల్ ఊరే, 1998లో కౌన్సిళ్ళను కలిపేటప్పుడు చేయాల్సిన ఒక నియామకం చేయలేదు, హోదా పోయింది, పోయిన సంగతి కొన్నేళ్ళ దాకా వాళ్ళకే తెలియలేదు. ఆఫీసు ఫైళ్ళు ఎక్కడైనా ఒకటే.

ఇక వెల్స్ కథ. 705 ప్రాంతంలో ఇనె అనే రాజు కాలంలో అక్కడ మొదటి చర్చి వెలిసింది. 909లో బిషప్ పీఠం వచ్చింది. అంతా బాగుంది అనుకునేలోపు, 1090లో అప్పటి బిషప్ తన పీఠాన్ని పక్కనున్న బాత్ నగరానికి మార్చేసుకున్నాడు. బాత్ పెద్ద ఊరు, రోమన్ల కాలం నుంచి వేడినీళ్ళ గుండాలున్న ఊరు, అక్కడ పలుకుబడి ఎక్కువ. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినప్పుడు మన పెద్దవాళ్ళు పడిన బాధ గుర్తున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వెల్స్ వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. 1175 ప్రాంతంలో, పీఠం చేతిలో లేకపోయినా, పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. 1239లో ప్రతిష్ఠ జరిగింది. 1245లో పోప్ రెండు ఊళ్ళ తగాదా తీర్చి, బిషప్‌కు "బాత్ అండ్ వెల్స్" అనే జంట పేరు ఖాయం చేశాడు. ఈ రోజుకీ ఆ బిషప్‌ది అదే పేరు, ఆసనం మాత్రం వెల్స్‌లోనే ఉంది. బాత్ చేతి నుంచి అది ఎట్లా జారిపోయిందో కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది.

ఆ ఊరికి నీళ్ళ వల్లే పేరొచ్చిందని రాశారు. మా అనంతపురం వాళ్ళ ముందు నీళ్ళ సంగతి ఎత్తడమే తప్పు, ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పండి. అక్కడ ఏడాది పొడుగునా వానే కదా, అందులో విశేషమేముంది?
— ఒక రైతు, శింగనమల వైపు నుంచి

వాన మనకంటే ఎక్కువే అన్నా, కాదనను. విశేషం కొండలో ఉంది. ఊరికి ఉత్తరాన మెండిప్ కొండలు, అన్నీ సున్నపురాయి. పడిన వాన రాతి పగుళ్ళలోకి దిగిపోయి, లోపల గుహల్లో ప్రయాణం చేసి, కొండ దక్షిణపు అంచున ఊటలై పైకి లేస్తుంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూసిన మీకు ఆ ఊట నీళ్ళ మహిమ తెలిసే ఉంటుంది. ఇంగ్లీషులో వెల్ అంటే బావి, ఊట, ఆ బుగ్గల వల్లే ఊరికి వెల్స్ అని పేరు. అవి బిషప్ ప్యాలెస్ తోటలో ఉన్నాయి, కెథెడ్రల్‌కు కూతవేటు దూరంలో. నీళ్ళున్న చోటే మొదటి చర్చి, చర్చి చుట్టూ ఊరు.

ఆ నీళ్ళు ఎవరివి అన్నదే అసలు సంగతి. బుగ్గలు బిషప్ ఆవరణలో ఉన్నాయి కాబట్టి నీళ్ళూ బిషప్‌వే. 1340ల్లో రాల్ఫ్ అనే బిషప్ తన ప్యాలెస్ చుట్టూ కోటగోడ కట్టించి, దాని చుట్టూ కందకం తవ్వించి ఈ నీళ్ళతోనే నింపుకున్నాడు. ఊరి జనంతో ఆయనకు పడేది కాదు, కందకం ఎందుకో మీరే ఊహించుకోండి. తర్వాత వందేళ్ళకు బెకింగ్టన్ అనే ఇంకో బిషప్ వచ్చాడు. 1451లో ఆయన బుగ్గ నీళ్ళలో ఊరికి వాటా రాసిచ్చాడు, గొట్టాలతో బజారు దాకా తెచ్చి ఒక నీళ్ళ తొట్టి కట్టించాడు. మిగులు నీళ్ళు వీధి పక్క కాలువల్లో పారేవి. బదులుగా ఊరివాళ్ళు ఒప్పుకున్న షరతు ఒకటుంది, ఏడాదికొకసారి ఆయన సమాధి దగ్గరికి వచ్చి ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేయాలి. నీటి తీరువా ఇట్లా కూడా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సమాధి కెథెడ్రల్‌లోనే ఉంది, బతికుండగానే చేయించుకున్నాడు. పైన బిషప్ దుస్తుల్లో ఆయన విగ్రహం, కింద అరలో కుళ్ళిన శవం రూపంలో మళ్ళీ ఆయనే. ఎంతటివాడైనా చివరికి అంతే అని తన సమాధి మీద తానే చెక్కించుకున్న పెద్దమనిషి.

హై స్ట్రీట్ పక్క కాలువల్లో ఇప్పటికీ ఆ బుగ్గ నీళ్ళు పారుతుంటాయి. తాగడానికి ఇప్పుడు ఎవరూ వాడరు, అయినా పారనిస్తున్నారు.

పోయిన నెల మీ జవాబులో "కత్తెర కమాన్లు" అని ఒక మాట రాసి వదిలేశారు. నేను ముప్పై ఏళ్ళు కట్టడాల పనిలో ఉన్నవాణ్ణి. టవర్ కుంగితే కింద కమాను తలకిందులుగా పెట్టారంటే నమ్మబుద్ధి కావడం లేదు. కాస్త వివరంగా రాయండి.
— ఒక రిటైర్డ్ ఇంజనీరు, కర్నూలు

నమ్మండి సార్, ఫొటో చూస్తే మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

చర్చి శిలువ ఆకారంలో ఉంటుంది, దాని నాలుగు చేతులూ కలిసే నడిమధ్యన ఒక టవర్ ఉంది. 1313లో దాన్ని ఇంకా ఎత్తు లేపడం మొదలుపెట్టారు. పునాది ఆ బరువుకు వేసింది కాదు, పడమటి వైపు స్తంభాలు కుంగాయి, 1338 నాటికి గోడల్లో బీటలు, టవర్ ఒరగడం. ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? పైభాగం దించేయమంటారు. వాళ్ళు దించలేదు. విలియం జాయ్ అనే పెద్ద మేస్త్రి ఒక ఉపాయం చేశాడు. టవర్ కింద స్తంభానికీ స్తంభానికీ మధ్య మామూలు కమాను ఒకటి కట్టి, దాని నెత్తిన ఇంకో కమానును బోర్లించాడు. రెండూ కలిసే చోట కత్తెర ఆకారం. స్తంభాలు లోపలికి వంగకుండా అడ్డంగా తన్నిపట్టి ఉంచుతాయి, కుంగిన వైపు బరువును కొంత గట్టి వైపుకు పంచుతాయి. కమాన్లకు రెండు పక్కలా పెద్ద గుండ్రటి కంతలు వదిలారు, దాంతో కట్టడం బరువూ తగ్గింది, చూపూ అవతలికి పోతుంది. మూడు వైపుల ఇట్లా కట్టారు, నాలుగో వైపు గాయకులు కూర్చునే చోటును వేరుచేసే తెర గోడ ఉంది కాబట్టి అక్కర్లేకపోయింది. 1338లో మొదలై 1348 నాటికి అయిపోయింది. టవర్ ఇంకా నిలబడే ఉంది.

చూడ్డానికి బాగుందా అంటే నా అభిప్రాయం వేరు. సన్నటి నిలువు గీతలతో హాయిగా పైకి పోయే ఆ పాత కట్టడంలో ఇవి ఎవరో కొత్తగా తెచ్చిపెట్టినట్టు ఉంటాయి. కొందరు వీటినే ఆ చర్చికి అందమంటారు. నాకైతే అందంకన్నా ఆ మేస్త్రి ధైర్యమే కనిపిస్తుంది, నెత్తిన టవర్ ఒరుగుతుంటే కింద నిలబడి పదేళ్ళు పనిచేయించాడు.

రాయి సంగతి కూడా అడుగుతారేమో, ముందే చెప్తున్నా. పన్నెండు పదమూడు కిలోమీటర్ల అవతల డౌల్టింగ్ అనే ఊరి గనుల నుంచి తెచ్చిన లేత పసుపు సున్నపురాయి. మన కడప బండ కూడా సున్నపురాయే అయినా ఇది మెత్తన, చెక్కడానికి తేలిక, వానకు అరిగిపోవడమూ తేలిక. పడమటి ముఖం నిండా విగ్రహాలున్నాయి, మధ్యయుగాల నాటివి ఇప్పటికీ సుమారు 300 మిగిలాయి, ఒకప్పుడు వాటికి రంగులు కూడా ఉండేవి. వాటిని బాగుచేయడానికి 1970ల్లో రాబర్ట్ బేకర్ అనే నిపుణుడు సిమెంటునూ రసాయనాలనూ పక్కనపెట్టి సున్నం పట్టీలు, సున్నపు పూతలతోనే పని నడిపించాడు. ఆ పని 1986 దాకా సాగింది, ఆ పద్ధతి తర్వాత వేరే చోట్లకూ పోయింది. మన గుళ్ళ మండపాలకు సిమెంటు పూసి, ఆపైన ఆయిల్ పెయింటు కొట్టే కాంట్రాక్టర్లకు ఈ పేరా ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

ఆ పడమటి గోడలో ఇంకో గమ్మత్తు ఉంది. దేవదూతల బొమ్మల వెనక గోడ లోపలే సన్నటి దారి, బయటికి కంతలు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఊరేగింపు వచ్చేటప్పుడు గాయకులు లోపల దాక్కుని పాడితే, కింద నిలబడ్డ జనానికి రాతి బొమ్మలే పాడినట్టు వినిపించేది.

గడియారం గురించి చెప్పండి. మా బడి పిల్లలకు చూపించడానికి వీడియో వెతుకుతున్నా.
— ఒక ఉపాధ్యాయురాలు, ఆదోని

పిల్లలకు ఇంతకంటే మంచిది దొరకదు మేడమ్. 1390 ప్రాంతంలో పెట్టిన గడియారం. ముఖం మీద 24 గంటల లెక్క, సూర్యుడు చుట్టూ తిరుగుతుంటాడు, చంద్రుడి కళలు కనిపిస్తాయి, మధ్యలో భూమి. అప్పటికి భూమే మధ్యలో ఉందని నమ్మేవాళ్ళు కాబట్టి గడియారమూ అదే చెప్తుంది, ఎవరూ సవరించలేదు, సవరించకపోవడమే మంచిది. పావుగంటకొకసారి పైన గుర్రాల మీద యోధులు ఎదురెదురుగా తిరుగుతూ కొట్లాడతారు, ప్రతిసారీ ఒకడికి దెబ్బ తగిలి వెనక్కి పడిపోతాడు. ఎప్పుడూ వాడే! ఆరు వందల ఏళ్ళుగా పావుగంటకొక్క దెబ్బ తింటున్నాడు, పిల్లలు ఎన్ని దెబ్బలో లెక్కగడతామంటే గుణకారాల పాఠం కూడా అయిపోతుంది. కొంచెం అవతల, గోడ మీద జాక్ బ్లాండిఫర్ అనే బొమ్మ కూర్చుని సుత్తితో, మడమలతో గంటలు కొడుతుంటాడు.

పాత యంత్రాన్ని 19వ శతాబ్దంలో తీసి కొత్తది పెట్టారు. తీసిందాన్ని పారేయలేదు, లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది, అక్కడా తిరుగుతూనే ఉంది. చర్చిలో ఉన్నదానికి 2010 దాకా మనిషే చేత్తో తాళం తిప్పేవాడు, ఆ తర్వాత మోటారు పెట్టారు.

ఎనిమిది వందల ఏళ్ళ చర్చిని ఇంత పొగిడారు. మా లేపాక్షి, మా గండికోట, మా పెనుకొండ మీకు కనపడవా? తెల్లోళ్ళ ఊళ్ళ మీద ఇంత మోజు ఎందుకు?
— ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం

కోపం తగ్గించుకో తమ్ముడూ. లేపాక్షి మీద ఈ శీర్షికలో నేను రాసినంత నువ్వు చదివి ఉండవు. అయినా అడిగావు కాబట్టి ఒక పక్కపక్క లెక్క చెప్తా.

1348లో వెల్స్ బిషప్ రాల్ఫ్, కందకం తవ్వించిన ఆయనే, చర్చిలో పాడే గాయకుల కోసం ఒక వీధి కట్టించడం మొదలుపెట్టాడు. అంతకుముందు వాళ్ళు ఊళ్ళో ఎక్కడెక్కడో అద్దెకుండేవాళ్ళు, ప్రార్థనకు పాడాల్సినవాళ్ళు ఊరి వ్యవహారాల్లో పడిపోతున్నారని అందరినీ ఒక్క చోటికి చేర్చాడు. దాని పేరు వికర్స్ క్లోజ్. రెండు వరసల ఇళ్ళు, మొదట 42, ఒక్కొక్కరికి కింద ఒక గది పైన ఒక గది. తర్వాత మతగురువులు పెళ్ళి చేసుకోవచ్చని రూలు మారాక సంసారాలకు చాలక పక్కిళ్ళను కలుపుకున్నారు, సంఖ్య తగ్గింది. ఆ వీధి వెడల్పు పైకి పోయేకొద్దీ మూడు మీటర్ల మేర తగ్గిపోతుంది, కింద నిలబడి చూస్తే ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. తర్వాత 1459లో వీధి నుంచి చర్చికి పైనుంచే ఒక వంతెన కట్టారు, గాయకులు వానలో తడవకుండా, మధ్యలో ఎవరితోనూ ముచ్చట్లలో పడకుండా నేరుగా పాడటానికి పోవడానికి.

ఇప్పుడు మన వైపు. 1369లో, అంటే ఆ వీధి మొదలైన ఇరవై ఏళ్ళకు, బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించాడు. శాసనం వేయించాడు, అందులో రోజుకు 1000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళు పట్టింది అని లెక్క కూడా ఉంది. అంతటితో ఆగక, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు ఏవో శ్లోకాల్లో చెప్పించాడు. వెల్స్‌లో ఆ కాలం నాటి ఏ మేస్త్రీ తన పని గురించి ఇట్లాంటి కాగితం మనకు మిగల్చలేదు. కాబట్టి ఎవరు గొప్ప అన్న పోటీ పెడితే మనం ఓడిపోము, ఆ దిగులు నీకొద్దు.

నాకు వెల్స్ మీద మోజు వేరే కారణానికి. వికర్స్ క్లోజ్‌లో ఇవాళ ఎవరుంటారో తెలుసా? చర్చి గాయకులే. కట్టించింది ఎవరికోసమో వాళ్ళే ఉంటున్నారు, పొద్దున స్నానం చేసి, టిఫిన్ తిని, బైటికొచ్చి, అదే చర్చికి పోయి అదే పని చేస్తున్నారు. అక్కడి పిల్లల గాయక బృందం, బడి 909 నాటినుంచి ఉన్నామని చెప్పుకుంటాయి, 1994 నుంచి ఆడపిల్లలు కూడా పాడుతున్నారు. గడియారం టైము చెప్తూనే ఉంది, బుగ్గ నీళ్ళు బజార్లో పారుతూనే ఉన్నాయి. పాతదాన్ని చూడటానికి టికెట్ పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది, దాని పనిలో దాన్ని ఉంచడమే కష్టం. పోరుమామిళ్ళ చెరువు ఇంకా చెరువుగానే ఉంది కాబట్టి నాకు గండికోట కంటే అదే ఎక్కువ ఇష్టం. గండికోటలో ధాన్యాగారం ఎంత పెద్దదైనా, లోపల ధాన్యం లేదు, సెల్ఫీలున్నాయి. దీనికి నువ్వు ఇంకో ఉత్తరం రాస్తావని తెలుసు, రాయి, వేస్తాను.

ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ కూలగొట్టించాడని చదివాం. వెల్స్ ఎట్లా బతికింది?
— ఒక లెక్చరర్, కడప

కూలగొట్టింది సన్యాసుల మఠాలను. వెల్స్‌లో సన్యాసులు లేరు, ఉన్నది సొంత ఇళ్ళల్లో ఉండే మామూలు గురువులు. అందుకని చట్టం దాని జోలికి రాలేదు. బాత్‌లో ఉన్నది మఠం, 1539లో మూతపడింది, అట్లా కెథెడ్రల్ హోదా వెల్స్ ఒక్కదానికే మిగిలింది. నాలుగు వందల యాభై ఏళ్ళ తగాదా అట్లా తేలింది.

తొమ్మిది కిలోమీటర్ల దూరంలో గ్లాస్టన్‌బరీ ఉంది, దేశంలోకెల్లా సంపన్నమైన మఠాల్లో ఒకటి. దాని పెద్ద రిచర్డ్ వైటింగ్ ముసలాయన. 1539 నవంబరులో ఆయన్ను వెల్స్‌కు తెచ్చి విచారణ పేరుతో తూతూమంత్రం జరిపించి, మర్నాడు గ్లాస్టన్‌బరీ కొండ మీద ఉరితీశారు. ఆ మఠం ఇప్పుడు మొండిగోడలు. వెల్స్ బతికిందన్నప్పుడు పక్క ఊరికి ఏమైందో కూడా చెప్పుకోవాలి.

వెల్స్ కూడా దెబ్బలు తినకుండా ఏమీ లేదు. అదే శతాబ్దంలో బిషప్ ప్యాలెస్‌లోని పెద్ద హాలు కప్పు మీది సీసం రేకులు ఊడదీసి అమ్ముకున్నారు, కప్పు పోయాక గోడలే మిగిలాయి, ఇప్పటికీ అట్లాగే నిలబడి ఉన్నాయి. 1685లో మన్మత్ ప్రభువు రాజు మీద తిరగబడినప్పుడు అతని మనుషులు చర్చిలో జొరబడ్డారు, గుర్రాలను లోపల కట్టేశారు, విగ్రహాలను పగలగొట్టారు, సీసం పీకి తుపాకీ గుండ్లు పోసుకున్నారు. జులైలో సెడ్జ్‌మూర్ దగ్గర ఓడిపోయారు. ఆ తర్వాత జడ్జి జెఫ్రీస్ ఊరూరా తిరిగి తిరుగుబాటుదార్లకు ఉరిశిక్షలు వేశాడు, ఆ విచారణల చివరి మజిలీ వెల్స్.

బ్రౌన్ లైబ్రరీకి రోజూ పోయేవాణ్ణి. ఆ ఊళ్ళో పుస్తకాలకు గొలుసులు వేస్తారంట, నిజమా?
— ఒక పాఠకుడు, కడప

నిజమే. కెథెడ్రల్ మేడమీద 15వ శతాబ్దంలో బబ్‌విత్ అనే బిషప్ వదిలిన డబ్బుతో కట్టిన గది ఉంది, అందులో పుస్తకాలకు ఇనుప గొలుసులు. గొలుసు అట్ట ముందు అంచుకు ఉంటుంది కాబట్టి పుస్తకం వెన్ను లోపలికి, కాగితాల అంచు బయటికి పెడతారు, తీసి అక్కడే బల్ల మీద చదువుకుని అక్కడే పెట్టాలి. పుస్తకం అప్పటికి అంత ఖరీదు. మన లైబ్రరీల్లో ఎవరో మధ్య పేజీలు చింపుకుపోయిన పత్రికలు చూసినప్పుడల్లా ఆ గొలుసు నాకు గుర్తొస్తుంది. బ్రౌన్ దొర కడపలో చేసింది దీనికి పూర్తిగా తిరగేసిన పని, సొంత డబ్బు పెట్టి తెలుగు తాళపత్రాలకు ప్రతులు రాయించి పుస్తకాలను పదిమంది చేతుల్లోకి తెచ్చాడు.

పోటీ పరీక్షల్లో ఇంగ్లండులో అతి చిన్న నగరం ఏదంటే వెల్స్ అని రాయాలా, సిటీ ఆఫ్ లండన్ అని రాయాలా?
— ఒక అభ్యర్థి, కర్నూలు

ఖచ్చితంగా చెప్పాలంటే సిటీ ఆఫ్ లండన్, అంటే లండన్ మధ్యలో ఉన్న పాత చదరపు మైలు ప్రాంతం. అది వెల్స్ కంటే చిన్నది, అక్కడ కాపురముండేవాళ్ళు కూడా తక్కువ. దాన్ని పక్కనపెడితే వెల్స్. మొత్తం బ్రిటన్‌లో అడిగితే రెండూ కావు, వేల్స్ ప్రాంతంలోని సెయింట్ డేవిడ్స్, రెండు వేల మంది కూడా ఉండరు. వేల్స్, వెల్స్ వేరువేరు, దీర్ఘం చూసుకోండి. ఆప్షన్లలో ఏమిచ్చాడో దాన్నిబట్టి టిక్కు పెట్టు.

రైలు ఉందా?
— గుంతకల్లు నుంచి, ఇంకెవరు

లేదు! ఒకప్పుడు ఆ చిన్న ఊరికి మూడు స్టేషన్లుండేవి, మూడు వేర్వేరు కంపెనీలవి. 1963లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. ఇప్పుడు బాత్ నుంచైనా, బ్రిస్టల్ నుంచైనా బస్సే. గుంతకల్లు వాళ్ళకు ఇది జీర్ణం కాదని తెలుసు.

ప్రొద్దుటూరు అమ్మగారితో పాటు మేము కూడా ఆ వైపు పోతున్నాం. ఒక్క రోజులో ఏం చూడాలి? మా పాప లాంగ్ జంప్ ప్రాక్టీసు చేస్తుంది, దానికి చర్చిలంటే బోరు.
— ఒక తండ్రి, అనంతపురం

పొద్దునే కెథెడ్రల్, గడియారం కొట్టే సమయానికి కాస్త ముందే దాని కింద నిలబడండి. అష్టకోణపు సమావేశ మందిరానికి పోయే రాతి మెట్లు వదలొద్దు, ఏడు వందల ఏళ్ళ పాదాలకు అరిగి వంకర్లు పోయి ఉంటాయి, చెప్పులు జారతాయి, పెద్దవాళ్ళుంటే చెయ్యి పట్టుకోండి. తర్వాత ప్యాలెస్. కందకంలో హంసలుంటాయి, ఆకలేస్తే గేటు పక్క కిటికీ కింద వేలాడే తాడును ముక్కుతో లాగి గంట కొడతాయి, తిండి పడుతుంది. 19వ శతాబ్దంలో ఒక బిషప్ కూతురు నేర్పించిందంటారు, తరతరానికీ నేర్పుకుంటూ వస్తున్నారు. సాయంత్రం పాటలతో ఆరాధన ఉంటే వెనక కూర్చుని వినండి, దానికి డబ్బు తీసుకోరు. బుధవారం, శనివారం అయితే బజారు కూడా ఉంటుంది.

మీ పాపకు బజారు వీధే చాలు. మేరీ రాండ్ పుట్టిన ఊరది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్ 6.76 మీటర్లు దూకి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది, అథ్లెటిక్స్‌లో ఒలింపిక్ బంగారం తెచ్చిన మొదటి బ్రిటన్ మహిళ. అదే ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్‌లో రజతం, రిలేలో కాంస్యం కూడా. ఆమె దూకినంత దూరాన్నీ మార్కెట్ ప్లేస్‌లో నేల మీదే గుర్తుపెట్టి ఉంచారు. బజారు రద్దీ లేనప్పుడు తీసుకుపోండి, పాప ఎట్లాగూ ఒక చివర నుంచి దూకి చూడకుండా ఊరుకోదు, కిందంతా బండలు, మోకాళ్ళు జాగ్రత్త.